ఆకుపచ్చ దారం ఉన్న కట్ట

గ్రంథాలయం కమిటీ పెద్దల్లారా, ఆ పుస్తకాల వీపులు, అదే, పేరు అచ్చేసి ఉండే కుట్టు వైపు అంచులు, కోయించింది మీరే. ఎలుకలు కాదు, చెదలు కాదు, వాన కాదు. రంపం తెప్పించింది మీరు. మేస్త్రీని పిలిచింది మీరు. పక్కన నిలబడి టీ తాగుతూ "ఇంకాస్త సన్నగా కొయ్యి" అన్నది మీరు. కోసినవాటిని గోడకి అతికించి, వాటి ముందు నిలబడి ఫొటోలు కూడా దిగారు. ఆ ఫొటోల్లో అందరూ నవ్వుతున్నారు. ఆ నవ్వు ఎవరి నెత్తి మీదికి వచ్చిందో తెలియాలంటే గోధుమకోటు సంగతి వినాలి.

గోధుమకోటు అంటే కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే అమ్మాయి. చలి మొదలయ్యిందంటే చాలు, పాతబట్టల కొట్లో కొన్న గోధుమరంగు కోటులో దూరేది. చేతులు వేళ్లదాకా వచ్చే కోటు, లోపలి జేబులో ఒక లావుపాటి పుస్తకం పట్టే కోటు. మెడకి మఫ్లర్, జేబులో సిరా పెన్ను, వేళ్లకి ఆ సిరా మరకలు. నల్లబడిన చెక్క బల్లలు, పసుపు దీపం, అద్దాల మీద జారే వాన, పాత కాగితం వాసన ఉంటే ఆమెకి తిండి కూడా అక్కర్లేదు. ఈ మోజుకి డార్క్ అకాడెమియా అని ఏదో పేరుందని ఆమెకి ఫోన్లో చూసేదాకా తెలియదు. పేరు తెలిశాక కాస్త సిగ్గుపడింది, అంతే. కోటు మాత్రం విప్పలేదు.

అదే దుకాణంలో బిల్లులు రాసే వదిన ఊరుకునేది కాదు.

"వచ్చారండీ ప్రొఫెసరమ్మ గారు."

"చలి వదినా."

"చలికి స్వెట్టర్ వేసుకుంటారే. నిన్ను చూసి కళ్లజోడుకొచ్చినాయన వాళ్లబ్బాయికి ట్యూషన్ చెప్తావా అని అడిగిపోయాడు."

"చెప్తానన్నావా?"

"పదో తరగతి రెండుసార్లు రాసిందని చెప్పాను. పారిపోయాడు."

నిజమే, రెండుసార్లు రాసింది. అయితే ఏం? పాత చెక్క వాసన పీల్చుకోవడానికి ఎవరూ సర్టిఫికెట్ అడగరు. మంచి గది, మంచి దీపం, మంచి పుస్తకం డిగ్రీలున్నవాళ్ల సొత్తు అని ఎవరైనా అంటే వాళ్ల మాట చెవిన పెట్టక్కర్లేదు.

గ్రంథాలయం వెనకవైపు ఒక పొడవాటి గది ఉంది. అందరూ చలిగది అంటారు. ఎండాకాలమంతా తాళం. చలి పడగానే తెరిచి, మూలనున్న ఇనప కుంపటి రాజేస్తారు. ఆ గదిలోని పుస్తకాలు ఇంటికివ్వరు, అక్కడే కూర్చుని చదవాలి. చలికాలం అయిపోయేసరికి పుస్తకం పూర్తికాకపోతే ఆపిన పేజీ దగ్గర మీ రంగు దారం పెట్టి, కొస కిందికి వేలాడేటట్టు వదిలి వెళ్లాలి. మళ్లీ చలి వచ్చేదాకా ఆ పుస్తకం మీద ఇంకెవరూ చెయ్యి వెయ్యరు. అరల కింద రంగురంగుల తోకలు వేలాడుతుంటే గదంతా ఏదో జంతువుల సంతలా ఉండేది. మనుషుల్ని కూడా దారంతోనే పిలుచుకునేవారు. ఆసుపత్రి నర్సు ఎర్రదారం. రిటైరైన బస్సు డ్రైవరు నల్లదారం తాత. మన గోధుమకోటుది ఆకుపచ్చ.

పోయిన చలికాలం ఆమె చదివింది ఒక పడవ కథ. ఏరు దాటించే ఒక ముసలామె పడవలో ఒక పిల్ల ఎక్కుతుంది. పిల్ల ఎవరో, అవతలి ఒడ్డున ఎవరి దగ్గరికి వెళ్తోందో చెప్పదు. రోజూ చదివినంత మేరా ఇంటికెళ్లి అమ్మమ్మకి చెప్పడం గోధుమకోటు అలవాటు. అమ్మమ్మకి చూపు మందగించింది. ఏ అద్దం పెట్టినా అక్షరం అలికేసినట్టే ఉంటుంది. "కళ్లజోళ్ల దుకాణంలో మనవరాలుండి ఏం ఒరిగింది నాకు" అని దెప్పుతూనే కథ కోసం గుమ్మంలో కాచుక్కూర్చునేది. సరిగ్గా నడి ఏట్లో, పడవని లాగే తాడు తెగిన చోట చలికాలం అయిపోయింది. గదికి తాళం పడింది.

ఇక ఏడాదంతా ఇంట్లో అదే గోల. అన్నం దగ్గర అమ్మమ్మ ఒక ముగింపు చెప్పేది, పడుకునే ముందు ఇంకొకటి. పక్కింటావిడ "పిల్ల మునిగిపోయి ఉంటుందిలెండి" అన్నందుకు ఆవిడతో మాటలు మానేసింది. జ్వరం వచ్చి మంచాన పడ్డప్పుడు కూడా డాక్టరుని అడిగింది, "చలికాలం దాకా లాగిస్తారా నన్ను?" అని.

అందుకే ఈసారి గది తెరిచారనగానే గోధుమకోటు మధ్యాహ్నం సెలవు పెట్టి ఒక్క పరుగున వచ్చింది. గుమ్మంలో కాలు పెట్టి చూసింది. గోడ గోడంతా, కింది నుంచి కప్పుదాకా, నల్లటి చెక్క అరలు. అరల నిండా ముదురు తోలు వీపులు, వెలిసిన బంగారు అక్షరాలు. ఇత్తడి దీపాలు, లోతైన కుర్చీలు. తను కలలో కట్టుకున్న గది ఎవరో అడక్కుండానే కట్టించినట్టుంది. ఆమె నిజంగా మురిసిపోయింది. ఒక కుర్చీలో కూర్చుని చూసింది, దీపం ఆర్పి వెలిగించి చూసింది.

తర్వాత తోకలేవని వెతికింది. ఒక్కటీ లేదు.

తన పుస్తకం మాత్రం దొరికింది. చెయ్యి పడీ పడీ కింది మూల నున్నగా అయిన వీపు, చీకట్లో కూడా పోల్చుకోగలదు. పట్టుకుని లాగింది. రాలేదు. పక్కదాన్ని లాగింది. అదీ రాలేదు. గోరు దూర్చి చూస్తే వెనక పుస్తకం లేదు, సన్నటి కాగితపు అంచు దాటగానే చెక్క తగిలింది.

"మాస్టారూ, ఇదేంటి రావట్లేదు?"

లైబ్రేరియన్ మాస్టారు నీళ్లు నమిలాడు. "నన్నడక్కమ్మా. అధ్యక్షురాలు గారున్నారు కదా, ఆవిణ్ణి అడుగు."

కమిటీ అధ్యక్షురాలు ఎదురొచ్చింది, ముఖం వెలిగిపోతూ. చెడ్డమనిషి కాదు, అదే బాధ. "రా అమ్మా, రా! ఇదంతా నీలాంటి పిల్లల కోసమే. ఆ దీపం పక్కన కూర్చో, ఫొటో తీస్తా. నీ కోటు భలే కుదిరింది."

ఆ మాటకి గోధుమకోటుకి ఒక్క క్షణం ఒళ్లు పులకరించింది. మరుక్షణం ఒళ్లు మండింది.

"ఫొటో సరేనండీ. నాకీ పుస్తకం కావాలి."

"అది పుస్తకం కాదమ్మా, అలంకరణ. చదువుకోవడానికి అటు బల్ల మీద కొత్తవి పెట్టించాం చూడు, తళతళలాడుతున్నాయి."

"మరి దీని లోపలి కాగితాలు?"

"అరలకి లోతు చాలలేదు. అలంకరణ మేస్త్రీ వీపులు మాత్రం తీసి చెక్కకి అతికించాడు. మిగతాది వెనక షెడ్లో ఉంది, ఇవాళ లారీ వస్తుంది."

"ఇవే ఎందుకండీ? ముందు హాల్లో ఎవరూ ముట్టని పుస్తకాలు బోలెడున్నాయిగా?"

"వాటికి ఈ అందం ఎక్కడిది? ఎంత వెతికినా ఈ నలుపు, ఈ నునుపు ఇంకే పుస్తకానికీ కనపడలేదు తెలుసా?"

అదీ అసలు సంగతి. ఏళ్ల తరబడి జనం పట్టుకుని, తిప్పి, ఒళ్లో పెట్టుకుని చదివితే వచ్చిన నలుపది. ఎక్కువమంది చదివిన పుస్తకాలేవో ఏరి మరీ కోశారు. వేలాడే దారాలు చింపిరిగా ఉన్నాయని ముందు వాటిని కత్తిరించారు. చదువు మీద ప్రేమతో చేశామనుకుంటూనే చేశారు.

షెడ్డు దగ్గరికి వెళ్లేసరికి లారీ రానే వచ్చింది. లోపల నడుమెత్తు కాగితాల గుట్ట. పురికొసతో కట్టిన కట్టలు కొన్ని, తెగి కలిసిపోయినవి కొన్ని. లారీ అన్న చొక్కా చేతులు మడుచుకుంటున్నాడు.

"అన్నా, కాస్త ఆగు."

"ఆగితే తూకం వేసే చోట మూసేస్తారమ్మా. నీకేం కావాలి ఇందులో?"

"ఆకుపచ్చ దారం."

లారీ అన్న ఆమెని ఎగాదిగా చూశాడు. "దారం కావాలంటే బట్టలకొట్టుకెళ్లాలిగానీ చిత్తుకాగితాల్లో దొరుకుతుందా?"

అప్పటికే ఎర్రదారం, నల్లదారం తాత కూడా సంగతి పసిగట్టి వచ్చారు. తాత వెళ్లి లారీ ముందు చక్రానికి ఆనుకుని కింద కూర్చున్నాడు. "నువ్వు బండి తియ్యాలంటే ముందు నన్ను లేపాలి నాయనా. మోకాళ్లు పట్టేశాయి, లేవడానికి చాలాసేపు పడుతుంది."

"ఏంటి తాతా ఈ దౌర్జన్యం?"

"నేనూ బండి తోలినవాణ్ణే. ఆలస్యమైతే ఏం కాదు, తిట్లు పడతాయంతే."

గోధుమకోటు కోటు విప్పి పక్కన పడేసి గుట్టలోకి దిగింది. దిగే ముందు వదినకి ఫోన్ చేసింది. "అమ్మమ్మని తీసుకురా, లైబ్రరీ వెనక షెడ్డుకి." అటునుంచి వదిన ఒంటికాలి మీద లేచింది. "నీకేమైనా పిచ్చా? ముసలావిణ్ణి చలిలో షెడ్డుకి..." అంటూనే ఆటో ఎక్కించుకుని వచ్చింది.

వచ్చేసరికి కట్ట దొరికింది. వేలాడే కొస కత్తిరించేసినా పేజీల మధ్య ఉన్న ముక్క అలాగే ఉంది, ఆకుపచ్చగా. అమ్మమ్మ గుమ్మం మీద చతికిలబడింది. వదిన తన శాలువా తీసి ఆవిడకి కప్పింది. గోధుమకోటు చదవడం మొదలుపెట్టింది. తాడు తెగిన చోటు నుంచి.

కాసేపటికి అమ్మమ్మ చెయ్యెత్తింది. "ఏంటే అలా నత్తిగా చదువుతున్నావు?"

"నత్తి నాది కాదు అమ్మమ్మా, రంపానిది."

రంపం లోతుగా దిగింది. ఒక పేజీలో ప్రతి వరుసకీ మొదటి మాట లేదు, తిప్పితే చివరి మాట లేదు. గోధుమకోటు ఊహించుకుంటూ, అతుకులేసుకుంటూ చదివింది. పడవ సుడిలో పడింది. ముసలామె తెడ్డు పిల్ల చేతికిచ్చి తను నీళ్లలోకి దిగింది. లారీ అన్న బండి తలుపుకి ఆనుకుని నిలబడిపోయాడు. "ఆ వయసులో నీళ్లలోకి దిగడమేంటి, బుద్ధి లేకపోతే సరి" అని గొణిగాడు. ఎర్రదారం "ష్" అంది.

"పిల్ల తెడ్డు..." అని గోధుమకోటు ఆగిపోయింది.

"ఊఁ, తర్వాత?"

"తర్వాత లేదు. కట్ట ఇక్కడికే. మిగతా కాగితాలు ఈ గుట్టలో ఎక్కడో కలిసిపోయాయి."

అధ్యక్షురాలు గారు హడావిడిగా వచ్చింది, మాస్టారు వెనకే. "అయ్యో, పెద్దావిడ, ఈ దుమ్ములో ఏంటమ్మా! లోపలికి రండి, కుంపటి దగ్గర కూర్చుందురుగాని."

అమ్మమ్మ కదల్లేదు. "దుమ్ము నాకేం చెయ్యదు తల్లీ. ఏడాదంతా ఆ పిల్లని నడి ఏట్లో పెట్టుకుని కూర్చున్నా. నువ్వొచ్చి పడవకే రంపం పెట్టావు."

అధ్యక్షురాలి ముఖం వాడిపోయింది. "మాకేం తెలుసమ్మా... కొత్త పుస్తకం తెప్పిస్తాం. ఎంతైనా సరే."

అప్పుడు మాస్టారు ఆవిడకి ఎదురు చెప్పాడు, మొదటిసారి. "దొరకదండీ. అచ్చు ఆగిపోయి చాలా కాలమైంది. మన దగ్గరున్నదే ఉన్నది. కోసేముందు చెప్పాల్సింది, చెప్పలేదు."

"ఇప్పుడు చెప్తే ఏం లాభం మాస్టారూ!" అని అధ్యక్షురాలు విసుక్కుని, గోధుమకోటు వైపు తిరిగింది. "సరే, అయ్యిందేదో అయ్యింది. నన్నేం చెయ్యమంటావు చెప్పు."

గోధుమకోటు కట్టని గుండెకి అదుముకుని లేచి నిలబడింది. జుట్టు నిండా కాగితపు పొట్టు.

"మీ దీపాలు ఉంచండి. కుర్చీలు ఉంచండి. బాగున్నాయి, మాకూ ఇష్టమే. ఆ గోడ మాత్రం ఊడదీయించండి. ఇవాళే. మీరు అతికించిన ప్రతి వీపు వెనకా మా వరుసల మొదటి మాటలూ చివరి మాటలూ ఉన్నాయి. చిరక్కుండా, ఆవిరి పట్టి, ఒక్కొక్కటే విప్పించండి. కోసిన మేస్త్రీనే పిలవండి, ఏది ఎక్కడ కోశాడో అతనికే తెలుసు. కుట్టడానికి బైండింగ్ చేసేవాళ్లని తెండి, ఏరిపెట్టడానికి మేమున్నాం. ఇకమీదట చలిగదిలో ఒక్క దారం కత్తిరించాలన్నా ఆ దారం ఎవరిదో వాళ్లని అడగండి. లారీని ఖాళీగా పంపించండి. అన్నకి దండగపడ్డది మీరే ఇచ్చుకోండి. ముందు ఆ షెడ్డు తాళంచెవి నా చేతిలో పెట్టండి."