సూర్యకాంతమ్మ పాట

సూర్యకాంతమ్మ చేపలమ్మడం మానేసింది. కొడుకు దేవీప్రసాద్‌కు పోర్టులో క్రేన్ ఆపరేటర్ ఉద్యోగం పర్మనెంటయ్యాక, "ఇంక గంప ఎత్తితే నా మీదొట్టే అమ్మా" అన్నాడు. మోకాళ్లు కూడా అదే మాట అంటున్నాయి కాబట్టి ఆవిడ ఒప్పుకుంది. గంప తీసుకెళ్లి పక్కింటి రాణికి ఇచ్చేసింది.

కానీ తెల్లారేసరికి మంచం మీద ఉండేది కాదు. పెదజాలారిపేట ఒడ్డుకు వెళ్లిపోయి, ఎండెక్కాక ఖాళీ చేతులతో తిరిగొచ్చేది. కూరకైనా ఓ చేప తెచ్చేది కాదు.

"అలవాటులే" అన్నాడు దేవీప్రసాద్.

కోడలు ఆశకు ఆ జవాబు చాల్లేదు. భీమునిపట్నం అమ్మాయి, బీఈడీ చదువుతోంది. మనిషి ఏ పనైనా ఎందుకు చేస్తాడన్నదే ఆ వారం ఆమె చదువుతున్న పాఠం. సాయంత్రం గడపలో కూర్చుని కాగితం మీద పెద్ద త్రికోణం గీసి, అందులో అడ్డంగా గీతలు గీస్తుంటే సూర్యకాంతమ్మ బియ్యం చేట పక్కన పెట్టి వచ్చింది.

"ఏటే అది, కొండా?"

"మనిషికి కావాల్సినవత్తా. అడుగున తిండీ నీళ్లూ. అవి తీరితే భద్రత. దాని మీద ప్రేమ, నావాళ్లు అనుకునేవాళ్లు. ఆ పైన గౌరవం."

ఆవిడ ఒక్కో మెట్టునూ వేలితో తాకింది. "తిండుంది. హుద్‌హుద్‌ తుపానుకి రేకులెగిరిపోనాక శ్లాబేసుకున్నాం, అదీ ఉంది. నా కొడుకున్నాడు, నువ్వున్నావు. పేటలో తగువొత్తే నన్నే పిలుత్తారు. మరి ఈ సివరున్నదేటి?"

"ఆత్మ ప్రస్తావన అంటారు."

"దేవుడి గొడవా?"

"కాదత్తా. మనం ఏం కాగలమో అది కావడం. లోపలున్నది పూర్తిగా బయటికి రావడం."

సూర్యకాంతమ్మ ఆ కొన వైపు కాసేపు చూసింది. "నాను సేపలమ్మాను. అయిపోనాది గదా" అని లేచి లోపలికి వెళ్లింది. ఆ గొంతులో ఉన్నది తృప్తో, మరొకటో ఆశకు తెలియలేదు.

మర్నాడు తనూ అత్త వెనకే ఒడ్డుకు వెళ్లింది.

బోట్లు ఇసుకలోకి ఎక్కుతున్నాయి. వలల్లోంచి దులిపిన కానాగంత చేపల్ని కుప్పలు పోస్తున్నారు. ఒక్కో కుప్ప చుట్టూ ఆడవాళ్లు గంపలతో మూగుతుంటే మధ్యలో చలమయ్య నిలబడి పాట పాడుతున్నాడు. ఆ ఒడ్డున వేలం పాటంటే ఆయనదే. రేటు ఎత్తుకుంటూ, ఒకటోసారి, రెండోసారి అంటూ, మూడోసారికి చెయ్యి కిందికి కొట్టి కుప్ప తేల్చేస్తాడు.

సూర్యకాంతమ్మ కొనేవాళ్ల గుంపులో లేదు. వాళ్ల వెనక నిలబడి ఉంది. చేపల వంక చూడటం లేదు, కొనేవాళ్ల మొహాలు చూస్తోంది. ఆవిడ పెదవులు కదలడం ఆశ గమనించింది. చలమయ్య "రెండోసారి" అనగానే ఆ పెదవులు ఆగిపోయేవి. ఆయన "మూడోసారి" అనేస్తే మొహం చిట్లించేది.

తిరిగొస్తూ ఆశ ఉండబట్టలేక అడిగేసింది. "అత్తా, లోపల్లోపల నువ్వు పాడుతున్నావు కదూ?"

ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది. తర్వాత నవ్వేసింది. "ఆగాల్సిన కాడ ఆగడే ఆడు! ఆ రాణి ఇంకో మాట పెంచాలని నోరు తెరిసింది, సూళ్లేదు. ఎప్పుడూ అంతే."

ఇంకా చెప్పింది. దేవీప్రసాద్ కడుపులో ఉన్నప్పుడు వాయుగుండం పట్టి బోట్లు కదల్లేదట. ఇంట్లో గంజి కూడా లేదు. వాన తెరిపిచ్చాక మొదటి బోటు వస్తే కొనడానికి డబ్బుల్లేకపోయినా ఒడ్డుకు పరిగెత్తిందట. "పాట సూత్తూ నిల్సున్నాను. ఆకలే మర్సిపోనాను. కళ్లు తిరిగి పడిపోనాక తెలిసింది, తిన్లేదని."

ఆశ నడక ఆపేసింది. "కడుపు నిండాకే కదత్తా మిగతావి?"

"అలాగని నీ పుస్తకంలో ఉంటే ఉండనీ. నాకలా అవలేదు మరి."

ఇంటికి రాగానే ఆశ పుస్తకం తెరిచి, ముందు చదవకుండా వదిలేసిన పేరా వెతికి పట్టుకుంది. ఈ మెట్లు అందరికీ ఒకే వరసలో ఉండవనీ, కొందరిలో తారుమారవుతాయనీ ఆ సిద్ధాంతం చెప్పిన ఆయనే ఒప్పుకున్నాడట. అది గట్టిగా చదివి వినిపించింది. సూర్యకాంతమ్మ రెండోసారి చదివించుకుంది.

మూడో రోజు తనే వెళ్లి, ఒక్క కుప్పకు తనను పాట పాడనివ్వమని చలమయ్యను అడిగింది.

"ఏటి వదినా, ఇన్నాళ్లూ రేటెక్కువని నన్ను తిట్టావు, ఇప్పుడు నా పనే కావాలేటి?" అని ఆయన పెద్దగా నవ్వాడు. వద్దనడానికి మాత్రం ఆయనకూ కారణం దొరకలేదు. ఆడవాళ్లు పాట పాడకూడదని ఎవరూ అనలేదు. ఎవరూ అడగలేదంతే. గురువులు అనే ఆయన బోటు నుంచి దిగిన కవ్వ చేపల్లో చిన్న కుప్ప ఒకటి చలమయ్య చూపించాడు.

సూర్యకాంతమ్మ కుప్ప పక్కన నిలబడింది. మొదటి రేటే తడబడి చెప్పింది. ఎదురుగా ఉన్నవాళ్లంతా నిన్నటిదాకా తనతో గంపలు మోసినవాళ్లే. ఇద్దరు రేటు పెంచారో లేదో చటుక్కున "మూడోసారి" అనేసింది.

బోటు యజమాని గురువులు అక్క వరసని కూడా చూడకుండా మండిపడ్డాడు. "నా సేపలు దానం సేత్తన్నావేటే అప్పా? నిలువునా ముంచీసినావు!"

అత్త ఏడుస్తుందేమోనని ఆశ భయపడింది. ఆవిడ ఇంటికొచ్చి ఉల్లిపాయలు తరుగుతూ ఆలోచనలో పడింది. "కొనేదాని బుద్ధి పోలేదే నాకు. తక్కువకి రావాలనే సూసింది నా నోరు. అమ్మినోడికీ కొన్నోల్లకీ మద్దిన నిల్సోడం ఏరే పని. ఎలాగుంటాదో అది?" ఆ కళ్లలో సిగ్గు లేదు. బడిలో కొత్త లెక్క చూసిన పిల్లలా ఉంది.

తర్వాత కొన్నాళ్లు ఆవిడకు కుప్ప ఇచ్చినవాళ్లు లేరు. అయినా వెళ్లింది. ఇంట్లో చారు కలుపుతూ పాడింది, బట్టలు ఆరేస్తూ పాడింది. దేవీప్రసాద్ చెవులు మూసుకుని డ్యూటీకి పారిపోయేవాడు.

ఓ ఆదివారం బోట్లన్నీ ఒక్కసారే నిండుగా వచ్చాయి. చలమయ్య ఒక్కడూ తెమల్చలేకపోయాడు. ఎండ పెరిగితే సరుకు మెత్తబడుతుందని గురువులు గోల పెట్టాడు. చివరికి ఆయనే, "సరే, రా అప్పా" అని వంజరం కుప్ప ముందుకు పిలిచాడు.

ఈసారి తడబడలేదు. రేటు ఎత్తుకుంది. ఒకటోసారి. రెండోసారి. అక్కడ ఆగింది. ఎవరినీ తొందరపెట్టలేదు, రాణి కళ్లలోకి మాత్రం చూసింది. రాణి పళ్లు కొరుక్కుని ఇంకో మాట పెంచింది. వెనక నుంచి మరొకామె దాని మీద పెంచింది. ఇక ఎవరి నోరూ తెరుచుకోదని తెలిశాక సూర్యకాంతమ్మ చెయ్యి కిందికి కొట్టింది. గురువులు మెచ్చుకోలేదు. రెండో కుప్ప ఆవిడ కాళ్ల దగ్గర పోశాడు.

"పాట పాడినందుకు ఎంతిస్తాడట?" అని ఇంట్లో కొడుకు అడిగితే, అడగడం మర్చిపోయానని తెల్లబోయింది.

కానీ రాణి మాట్లాడటం మానేసింది. తన గంపే నా చేతికిచ్చి నా చేతే ఎక్కువకి కొనిపించిందని పేటంతా చెప్పుకుంది. సాయంత్రం సూర్యకాంతమ్మ పులుసు గిన్నె పట్టుకెళితే తలుపు తియ్యలేదు. ఆవిడ గిన్నెతో తిరిగొచ్చి గడపలో కూర్చుంది.

ఆశ పక్కన చేరింది. "ఇంత అవుతుందనుకోలేదు కదత్తా?"

"నేదు. మనసు పిండేత్తంది." గిన్నె మీది మూత సర్దింది. "రేపు మళ్లీ దాని గుమ్మం కాడికెల్తాను. తీసేదాకా ఎల్తాను."

"పాట మానేస్తావా?"

"ఎందుకు మానెయ్యాల?" అని కోడలి వైపు తిరిగింది. "అది సరేగానీ ఆశా, నువ్వు టీచరు ఎందుకవుదామనుకున్నావే? ఎవులు సెప్పారు?"

ఆశకు నాన్న గుర్తొచ్చాడు. టీచరవ్వమని చెప్పింది ఆయనే. కానీ అది జవాబు కాదనిపించింది. "ఆలోచించాలత్తా" అంది.

"ఆలోసించు, తొందరేటి?" అంటూ సూర్యకాంతమ్మ పులుసు ఇద్దరికీ వడ్డించింది.