ఎవరి చెయ్యీ పడని నీళ్లు

నల్లా వచ్చిందంటే మా ఇంట్లో లేచేది నేనొక్కదాన్నే. బోరింగు నీళ్లకు పప్పు ఉడకదు, బావి నీళ్లకు సబ్బు నురగ రాదు. ఏ పనికి ఏ నీళ్లో చూసి తెచ్చి, వేరువేరు బిందెల్లో పోయాలి. "నీళ్లు నీళ్లే గదనే, గింత లొల్లి ఏంది" అంటాడు మా ఆయన మధుసూదన్. పప్పు ఉడకని రోజు మాత్రం కంచం పక్కకు నెట్టేస్తాడు. ఈమధ్య ఇంకో మాట కూడా కలిపాడు. "ఆ లాబొరేటరీ పని నీ చేతికి అచ్చిరాదు రాజమణీ. ఒకటో తారీఖుకు మానెయ్యి."

సరేనన్నాను. ఎందుకంటే నేనూ అదే నమ్మాను.

సిద్దిపేట ఊరి చివర విత్తనాల కంపెనీ పెట్టిన చిన్న లాబొరేటరీ మాది. మిరప ఆకుల్లోంచి ఆర్‌ఎన్‌ఏ తీసి వైరస్ ఉందో లేదో చూడాలి. ఆర్‌ఎన్‌ఏ మహా సున్నితం. దాన్ని తునకలు చేసే ఎంజైము మన చెమటలోనే, ఉమ్మిలోనే ఉంటుంది, మరిగించినా చావదు. నేను తీసిన ప్రతిసారీ అది తునకలైపోయేది. "ఆడోళ్ల మనసు ఇంటి మీదనే ఉంటది. ఈసారి గూడ రాకుంటే శాంపిళ్లు హైదరాబాద్ పంపిద్దాం" అన్నాడు మేనేజర్ దత్తాత్రి. అంటే ఇక నాతో పని లేదని. నా చేతులకు చెమట ఎక్కువ. గ్లౌజు మీద గ్లౌజు తొడిగి, రాత్రిళ్లు పడుకుని నా అరచేతులను నేనే అసహ్యించుకునేదాన్ని.

సంగతేందో తేల్చమని కంపెనీ పంపితే అప్పుడొచ్చింది ఆబిదా మేడం. మా ఊరి పిల్లే, హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేసింది. నా చేతులు చూడనే లేదు. "చేతుల సంగతి తర్వాత. ముందుగాల నీళ్లు చూద్దాం" అంది.

మంచి ఆర్‌ఎన్‌ఏ ఒకటే తీసుకుని మూడు గొట్టాల్లో పంచింది. ఒకదాంట్లో మేం రోజూ వాడే పెద్ద డబ్బాలోని డిస్టిల్డ్ వాటర్. ఇంకోదాంట్లో అదే నీరు, కానీ నీళ్లను ఆవిరి చేసి దించే యంత్రంలోంచి కారుతుండగానే, కాల్చి చల్లార్చిన సీసాలో పట్టింది. మూడోదాంట్లో, అలా పట్టిన నీటికే ఆ ఎంజైమును చంపే డెప్‌సి అనే మందు కలిపి, రాత్రంతా ఉంచి, మందు విరిగిపోయేదాకా ఆటోక్లేవులో, అంటే లాబొరేటరీ ప్రెషర్ కుక్కర్లో, ఉడికించింది. ఆ ఓపిక, ఆ శుభ్రం చూస్తుంటే నాకెంత ముచ్చటేసిందో. పొద్దున మూడింటినీ జెల్ పలకలో పోసి, కరెంటు పెట్టి నడిపించి దీపం కింద చూస్తే, మూడో నీటిలోది తునక కాని ఆర్‌ఎన్‌ఏకు ఉండాల్సిన రెండు గీతలు గీసినట్టు కనబడ్డది. రెండోదాంట్లో కాస్త మసక. డబ్బా నీళ్లలోది ముగ్గు మీద నీళ్లు చల్లినట్టు చెదిరిపోయింది.

ఆమె చాయ్ వేళకు డబ్బా ఎదురుగా కూచుంది. దత్తాత్రి వచ్చాడు. స్టీలు గ్లాసు ముంచి తాగాడు, అదే గ్లాసు మళ్లీ ముంచి చాయ్ గిన్నెలో పోశాడు. బోరు నీళ్లతో చాయ్ ఉప్పగా ఉంటుందని ఆఫీసంతా చేసే పనే అది. నేను రోజూ చూస్తున్నదే. తప్పని తోచనే లేదు. నేను నింపడం, ఎవరో ముంచుకుపోవడం నాకు చిన్నప్పటినుంచీ అలవాటే కదా.

"నీళ్లు మంచియే సార్, మీ గ్లాసు పడకముందు" అంది మేడం.

"గ్లాసెడు నీళ్లకు గింత రాద్ధాంతమా?"

"తాగుండ్రి సార్. బోరు నీళ్లు తాగుండ్రి. గివి పనికి పెట్టుకున్న నీళ్లు."

ఆమె గొంతు పెంచలేదు. ఆయన గ్లాసు పట్టుకుని వెనక్కి వెళ్లిపోయాడు. మేడం మందు నీళ్లను చిన్న సీసాల్లో పోయించి, అలమారాలో పెట్టి తాళమేసి, తాళంచెవి నా అరచేతిలో పెట్టింది. "పట్టేది నువ్వే, మూత తీసేది నువ్వే. ఎవ్వలడిగినా ఇయ్యకు." చెమట పట్టిన అరచేయే అది. ఆమె ఏమాత్రం జంకలేదు. ఆ వారం నేను తీసిన ఆర్‌ఎన్‌ఏ ప్రతిసారీ చెదరకుండా రెండు గీతలుగా నిలిచింది.

ఒకటో తారీఖు పొద్దున నల్లా వచ్చింది. నేను లేచి చీర కట్టుకుని, తాళంచెవి కొంగుకు ముడేసుకున్నాను. మధుసూదన్ మంచం మీదినుంచే అడిగాడు, "ఇయ్యాల మానేస్తనని చెప్పొస్తవా?"

"లేదు. తప్పు నా చేతులది కాదు, పరీక్ష చేసి చూసినం" అన్నాను. ఖాళీ బిందెలు తెచ్చి మంచం పక్కన పెట్టాను. "పప్పుకు, బట్టలకు నల్లా నీళ్లు, గిన్నెలకు బోరింగు నీళ్లు. కలపకుండ పట్టు. నాకు బస్సుకు టైమయింది."