రాతివంతెన మీద దిగినవాళ్లం

హారన్ కొట్టి పోనివ్వమన్నాడు కేశవరావు. వంతెనకు అడ్డంగా నిలబడ్డవాళ్లలో సగం మంది మా అమ్మ వయసు ఆడవాళ్లు. "వాళ్లే జరుగుతార్లే, నువ్ పోనీ" అని ఇంగ్లిషులో డ్రైవర్ భుజం తట్టాడు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ మాట నా చెవులతో విన్నాను.

అమెరికా వర్జిన్ దీవుల్లో ఒక చిన్న దీవి అది. కేశవరావు మా కన్సల్టెన్సీ ఓనరు. కంపెనీకి పదేళ్లు నిండాయని అమెరికాలో ట్రాయ్ ఊళ్లోని ఆఫీసు నుంచి మమ్మల్నందరినీ రిసార్ట్‌కి తీసుకొచ్చాడు. అందరం హెచ్‌వన్ వీసా మీద ఉన్నవాళ్లమే. "గ్రూప్ చెకిన్‌కి ఈజీగా ఉంటుంది" అంటూ పాస్‌పోర్టులన్నీ తన బ్యాగులో వేసుకున్నాడు. అమెరికా జెండా ఎగిరే చోటే అయినా, తిరుగు ప్రయాణంలో ఇక్కడి ఎయిర్‌పోర్టులో మా కాగితాలు చూస్తారు. అది ఆయనకు తెలుసు, మాకూ తెలుసు.

బస్సులో ఒక సీటులో ఎవరూ కూర్చోలేదు. మాతో పనిచేసిన అక్షయ్ బతికుంటే ఆ కిటికీ పక్కన కూర్చునేవాడు. ఎక్కిన ప్రతివాడూ ఆ సీటు దాకా వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగాడు. కనీసం బ్యాగు కూడా పెట్టలేదు. ఇండియానాలో క్లయింట్ పని ముగించుకుని తెల్లారేసరికి ట్రాయ్‌లో ఉండాలని మేమంతా ఉన్న కాల్‌లోనే కేశవరావు అతన్ని ఆదేశించాడు. అక్షయ్ కునికిపాట్లు పడుతూ డ్రైవ్ చేసి ట్రక్కు కింద పోయాడు. "సొంత పని మీద వెళ్లాడు, కంపెనీకి సంబంధం లేదు" అని ఇప్పుడు కేశవరావు అంటున్నాడు. అక్షయ్ భార్య రిషిత మాలో ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. "ఒక్కరు నిజం చెప్పండక్కా. వాళ్ల నాన్న తన తప్పు వల్లే చచ్చాడని నా కూతురు నమ్ముతూ పెరగకూడదు." ఎవరూ నోరు మెదపలేదు. మెదిపితే వీసా గోవిందా.

బస్సు వంతెన ఎక్కబోతుండగా శంఖం వినిపించింది.

మేం తెలుగువాళ్లం. మాకు శంఖం గుడిలోనన్నా మోగాలి, పాడె ముందన్నా మోగాలి. అక్కడ గుడి లేదు. "పీనుగ పోతున్నది, దాటొద్దు. బండి ఆపుండ్రి" అంటూ తేజేశ్వర్ లేచాడు. ఎవరూ ఎవర్నీ అడగలేదు. అందరం దిగి పక్కకి నిలబడ్డాం. కొందరు చెప్పులు విడిచారు. అక్షయ్ ఇండియాకు పెట్టెలో పోయాడు, విమానం కార్గోలో. సాగనంపడానికి మాకు సెలవు కూడా ఇవ్వలేదు. వాడు ఆ గుంపు వెనకాలే వస్తున్నాడనిపించింది. పక్కనున్న రష్మి వెక్కివెక్కి ఏడుస్తోంది.

శంఖం ఊదుతున్న ముసలామె దాన్ని చేత్తో పట్టుకునే వచ్చి నన్ను వాటేసుకుంది. పేరు వెర్నెల్, ఆ రిసార్ట్‌లోనే గదులు ఊడుస్తుంది. మాతో నిలబడ్డందుకు దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలంది.

"ఎవరు పోయారమ్మా?" అని అడిగాను.

ఆమె నా మొహంలోకి వింతగా చూసింది. ఇవాళ ఎవరూ పోలేదంది. చెరకు తోటల్లో బానిసలు తిరగబడ్డ రోజు శంఖాలు ఊదే ఒకరినొకరు పిలుచుకున్నారట. ఈ వంతెన కట్టిందీ వాళ్లే, శంఖాలు కాల్చిన సున్నంతో. కడుతూ ఎందరు కింద పడ్డారో లెక్క లేదు. "అందరూ ఇందులోనే ఉన్నారు. చెయ్యి పెట్టి చూడు" అంది. చెయ్యి పెట్టాను. ఎండకు కాలుతున్న రాయే, అయినా వెంటనే తీసేశాను. ఆ వంతెనకు రిసార్ట్ వాళ్లు ఇప్పుడు గేటు పెట్టారు. అతిథులు మాత్రమే పోవాలి. పనివాళ్లు కొండ చుట్టి రావాలి. అందుకే ఇవాళ ఈ అడ్డగింత.

కేశవరావు దిగివచ్చాడు. "డెత్ కాదమ్మా, స్ట్రైక్. పొరపాటు పడ్డారు, సరే. ఎక్కండి. మనం గెస్టులం."

"పోదాం చాముండక్కా, ప్లీజ్. పోలీస్ కేసైతే రేపు వీసా స్టాంపింగ్‌లో అడుగుతారు" అని రష్మి నా చెయ్యి లాగింది.

"పాస్‌పోర్టులు నా దగ్గరున్నాయి. గుర్తుంచుకోండి" అన్నాడాయన, నవ్వుతూనే.

ఇంతలో పోలీసులు వచ్చారు. దారికి అడ్డమని వెర్నెల్ చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు. ఆమె చేతిలోని శంఖం రాళ్ల మీద పడింది. ఊదేవాళ్లు లేక జనం ఒక్కొక్కరే జారుకుంటున్నారు. అప్పుడు తేజేశ్వర్ వంగి దాన్ని తీసుకున్నాడు.

"మేం దాసరోల్లం అక్కా. ఊర్ల ఎవలు సచ్చినా మా నాయినే ఊదాలె. మీరంతా ఇంటిపేరడిగి కులం తీస్తరని ఇన్నేండ్లు చెప్పలే."

మేం అడిగాం. నిజమే, ప్రతి పార్టీలో అడిగాం.

గుండెల నిండా ఊపిరి పీల్చి ఊదాడు. అమ్మో, ఆ మోత. పోతున్నవాళ్లు ఆగి, తిరిగొచ్చి అతని చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డారు.

"ఆపరా. రేపే నీ హెచ్‌వన్ విత్‌డ్రా చేస్తా" అని కేశవరావు అరిచాడు.

నాకు ఒళ్లు మండింది. ఫోన్ తీసి రిషితకు కలిపి స్పీకర్ పెట్టాను. "రిషితా, నేను చాముండేశ్వరిని. ఆ కాల్‌లో ఉన్నాను. అక్షయ్‌ని పంపింది ఈ కేశవరావే. ఎక్కడికొచ్చి చెప్పమంటే అక్కడికొస్తా."

రష్మి నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. కట్ చేస్తుందనుకున్నాను.

"నేనూ ఉన్నా రిషితా" అంది. ఫోన్ పక్కవాడికి అందించింది. అతను ఇంకొకరికి. పోలీసులు బేడీలు పట్టుకుని మా వైపు నడుస్తున్నారు. కేశవరావు బ్యాగు గుండెలకు హత్తుకుని ఖాళీ బస్సెక్కాడు. మాలో ఒక్కరు కూడా ఆయన వెనక ఎక్కలేదు.

అవతల రిషిత ఏడుస్తుందనుకున్నాం. ఏడవలేదు.

"ఆగండి, రికార్డ్ ఆన్ చేశాను" అంది. "పేర్లతో చెప్పండి, మళ్లీ మొదట్నించి."

మళ్లీ మొదట్నించి చెప్పాం.