అంచుకు తగిలిన గుళిక

నేను ఒక సీసపు గుళికను. ఆవగింజ కంటే కాస్త పెద్ద, మిరియపు గింజలో సగం. తుపాకీ అనగానే మీకు తూటా గుర్తొస్తుంది. తూటా ఒంటరిగా పోతుంది. మాది గుంపు. షాట్‌గన్‌లో పెట్టే ఒక్క కార్ట్రిడ్జ్‌లో నాలాంటివి మూడు వందలకు పైగా ఉంటాయి.

కరిగిన సీసాన్ని జల్లెడలాంటి పళ్లెం నుంచి చుక్కలుగా నీళ్లలోకి జార్చి మమ్మల్ని తయారుచేశారు. గుండ్రంగా రానివాటిని ఏరి మళ్లీ కొలిమిలో వేశారు. నేను మిగిలాను. ఆ గుండ్రదనం చూసుకుని కొంత గర్వపడ్డాను కూడా. అయితే కార్ట్రిడ్జ్‌లో నాకు దక్కింది అట్టడుగు చోటు. కింద తుపాకీ మందు, పైన తోటి గుళికలన్నిటి బరువు.

ఆ కార్ట్రిడ్జ్ హైదరాబాద్ శివార్లలోని ఒక షూటింగ్ రేంజ్‌కు చేరింది. అక్కడ మనుషులు నేలలో దాచిన యంత్రాలతో నారింజరంగు చిన్న పళ్లేలను గాల్లోకి విసిరించుకుని, వాటినే మళ్లీ పేల్చుకుంటారు. వాటికి మట్టి పక్షులని పేరు. వాటిలో మట్టీ లేదు, పక్షీ లేదు. సున్నపురాయి పొడి, తారు కలిపి అచ్చు పోసినవి. అయినా అది పగలకపోతే ఆ మనుషుల ముఖాలు నిజమైన పిట్ట ఎగిరిపోయినట్టే వాడిపోతాయి.

నన్ను తుపాకీలో పెట్టిన అమ్మాయి పేరు మంజీర. సిద్దిపేట పిల్ల, అల్వాల్‌లో అద్దె గదిలో ఉంటూ ప్రాక్టీసు చేసేది. పక్కన నిలబడింది ఫ్లోరా, సికింద్రాబాద్‌లోని ఒక బడిలో ఆటల టీచర్. మంజీరకు సొంత తుపాకీ లేని రోజుల్లో తన తుపాకీ ఇచ్చి, భుజానికి ఎలా ఆనించాలో నేర్పింది ఫ్లోరానే. ఆ సంగతులన్నీ తర్వాత వాళ్ల మాటల్లో విన్నాను. ఆ రోజు మాత్రం ఇద్దరూ సమానంగా కొట్టారు. జాతీయ పోటీలకు వెళ్లే జట్టులో ఒక్క చోటే మిగిలింది. ఫ్లోరాకు అదే చివరి ప్రయత్నమని అక్కడ అందరికీ తెలుసు. తలో పక్షిని కొట్టాలి. ఒకరు కొట్టి మరొకరు తప్పితే కొట్టినవారిదే చోటు, లేదంటే మళ్లీ తలో పక్షి.

మంజీర ముందు నిలబడింది. పక్షిని వదలమని "పుల్" అంటూ కేక వేసింది. పక్షి ఎడమవైపుకు దూసుకుపోయింది.

మందు అంటుకోగానే వెనక నుంచి ఒక్క తోపు. పైనున్న బరువంతా నా మీద పడి నా ఒక పక్క చదునైపోయింది. గొట్టం దాటాక ఎవరి దారి వారిది. మేం పళ్లెంలా పరుచుకుని అందరం ఒకేసారి వెళ్తామని చూసేవాళ్లు అనుకుంటారు. కాదు, పొడవైన ఊరేగింపులా సాగుతాం. గుండ్రంగా మిగిలినవి ముందు, నలిగినవి వెనక. నలిగినదాన్ని గాలి ఊరికే వదలదు. ఒక చేత్తో వెనక్కి లాగుతుంది, ఇంకో చేత్తో పక్కకు తోస్తుంది. పక్షి దగ్గరికి చేరేసరికి మా గుంపు చాపంత వెడల్పయింది.

పరుగెత్తే పక్షిని కొట్టాలంటే అది ఉన్నచోటికి కాదు, అది చేరబోయే చోటికి పేల్చాలి. మంజీర తుపాకీ వెంట్రుకవాసి వెనకబడింది. గుంపంతా పక్షి వెనకనుంచి వెళ్లిపోయింది. గాలి తోసేసిన నేను మాత్రం ఎడమ పక్కకు జరిగి, బలం తగ్గిపోయి, దాని అంచుకు తగిలి అక్కడే ఇరుక్కున్నాను. కాస్త దుమ్ము లేచింది. పక్షి పగల్లేదు. నన్ను మోసుకుని గోడవారనున్న గడ్డిలో మెత్తగా వాలింది.

దుమ్ము లేస్తే చాలదు, ముక్క రాలడం కంటికి కనబడాలి. నియమం అది. ఎండ ఎదురుగా కొడుతుంటే కళ్లు చికిలించి చూసిన రిఫరీ "హిట్" అన్నాడు. పొరపాటనిపిస్తే పేల్చిన మనిషి వెంటనే చెయ్యెత్తాలి. పక్కవాళ్లు నోరెత్తకూడదు. మంజీర చెయ్యి తుపాకీని వదల్లేదు. తర్వాత ఫ్లోరా పేల్చింది. ఆమె పక్షి చెక్కుచెదరకుండా వెళ్లిపోయింది.

చప్పట్లు వినబడ్డాయి. జనం పలచబడ్డాక గడ్డిలో అడుగుల చప్పుడైంది. మంజీర! వంగి వంగి వెతికి ఆ పక్షిని తీసింది. అంచున తెల్లగా గీరుకుపోయిన చోట నన్ను వేలితో తడిమింది. ఇంకాస్త లోపలికి తగిలుంటే అది న్యాయంగా పగిలేది. ఇంకాస్త బయటికి పోయుంటే అందరికీ తప్పిందని తెలిసేది. ఎటూ కాని చోట తగిలి ఆ పిల్లకు అబద్ధమాడే వీలు కల్పించాను. సీసానికి సిగ్గేమిటని మీరనవచ్చు. నాకు మాత్రం ఉంది.

గదిలో ఆమె అన్నం కలుపుకుని తినకుండానే లేచింది. "ఫ్లోరా అక్క గూడ కొట్టలే గదా" అని గోడతో అంది. "నాది గూడ తప్పిందంటే ఇద్దరం మల్లొక పక్షికి పోయేటోళ్లం" అని తనే జవాబు చెప్పుకుంది.

మర్నాడు బడి మైదానంలో పిల్లల చేత పరుగులు పెట్టిస్తున్న ఫ్లోరా చేతిలో మంజీర నన్ను, పక్షిని కలిపి పెట్టింది.

"ఇది పలగలే అక్కా. నేను జూసిన."

"నేను గూడ జూసిన," అంది ఫ్లోరా. "అదే జూసుకుంట నిలబడ్డ. గందుకే నాది తప్పింది."

"మరి నన్నేమనలే?"

"నేను మాట్లాడొద్దు. నువ్వు మాట్లాడాలె. సైగ జేస్తవేమో అని నీ మొఖమే జూసిన."

మంజీర అక్కడే మెట్లమీద కూలబడి ఏడ్చింది. ఫ్లోరా ఓదార్చలేదు, వెళ్లిపొమ్మనీ అనలేదు. పక్షిని తిరిగి ఆమె ఒళ్లో పెట్టి పిల్లల దగ్గరికి నడిచింది.

మంజీర షూటింగ్ సంఘం కార్యదర్శి దగ్గరికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన నన్ను వెలుతురుకు ఎత్తి చూసి, "రిఫరీ చెప్పిందే ఫైనలమ్మా, మార్చడానికి లేదు" అన్నాడు. "అట్లయితే నేను పోను సార్," అంది మంజీర. ఆ చోటు తర్వాతి స్థానంలో ఉన్న ఫ్లోరాకు వెళ్లింది.

అంతటితో మనసు తేలికపడుతుందనుకుంది మంజీర. పడలేదు. తుపాకీ పెట్టెను మంచం కిందికి తోసేసింది. నన్ను కిటికీలో ఉంచింది. రోజూ చూసేది, ముట్టుకునేది కాదు.

పోటీలు ముగిశాక ఒక ఆదివారం ఫ్లోరా ఆ గదికి వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి, "బాగ కొట్టలే," అంది. "ప్రతి పక్షికీ ఇది నాది గాదు, మంజీర ఇడిసిపెట్టింది అనిపించింది. కోపమొచ్చింది నీ మీద. నేనే గెలిసి పోవాల్సింది. నువ్వు ఇడిసిపెడితే పోయిన."

"నేనేం జెయ్యాలక్కా మరి?"

"నాకేం ఎరుక? నేను గూడ వద్దనాల్సింది. ఆశకు పోయిన." ఫ్లోరా మంచం కింద దుమ్ము పట్టిన పెట్టెను కాలితో బయటికి లాగింది. "ఈ తప్పు ఇద్దరం మోద్దాం. తుపాకీకెందుకు శిక్ష? చెప్పులేసుకో, రేంజ్‌కు పోదాం."

మంజీర లేచి ముఖం కడుక్కుంది. వాళ్లు పాత స్నేహితుల్లా భుజాలు రాసుకుంటూ వెళ్లలేదు. ఇరుకు మెట్లమీద ఒకరి వెనక ఒకరు దిగడం కిటికీలోంచి కనబడింది. పెట్టె బరువుకు మంజీర ఒక పక్కకు ఒరిగితే, రెండో పిడిని ఫ్లోరా అందుకుంది.