అత్తిముగం చెరువులో తొలి తట్ట

మైకులో లక్ష్మీప్రియ "అత్తిముగం చెరువుకు సుస్థిరాభివృద్ధి!" అన్నది. కుమ్మరి అంగాళమ్మ చెవిలో "సుస్తీ" ఒక్కటే పడింది. ఆస్పత్రి క్యాంపు అనుకుని కుమ్మరివీధినంతా వెంటేసుకుని వచ్చేసింది.

"మోకాలికి మాత్రలు యాడ ఇస్తారు పాపా?"

"మాత్రలు లేవమ్మా. చెరువు ఎప్పటికీ చెడిపోకుండా చూసే పథకం," అని హోసూరు ఫ్యాక్టరీ తరఫున వచ్చిన ఆ అమ్మాయి నవ్వి అందరికీ విప్పి చెప్పింది. చెరువు చుట్టూ కంచె, పక్కన నడకబాట, బెంచీలు. మనిషీ బండీ గొడ్డూ లోపలికి దిగరాదు.

"అట్లయితే కుండలకు మట్టి?"

"మట్టి తీస్తే చెరువు పాడవుతుందమ్మా."

"తియ్యకపోతే పూడిపోతాది పాపా! మా తాత కాలం నుంచీ తీస్తానే ఉండాము. అందుకే నువ్వు వచ్చి కాపాడేదానికి చెరువు మిగిలి ఉండాది!"

పథకం తెచ్చింది ఊరి రైతుపెద్ద శ్రీరామప్ప. తెచ్చిన మురిపెంలో ఉన్నాడు. "ఊరు బాగుపడేటప్పుడు అడ్డం మాట్లాడొద్దమ్మా," అన్నాడు. అభివృద్ధిలో అంత పెద్ద వృద్ధి ఉన్నా, వృద్ధురాలికి చోటు లేదు. కంచె గురించి అంతా మాట్లాడారు, ఆమె కంచం గురించి ఎవరూ మాట్లాడలేదు.

పూజ అయింది. ఆరిన చెరువు అంచున కంచె పునాదికి శ్రీరామప్పే తొలి గునపం వేసి తట్ట నింపాడు.

"ఫొటో అయింది సార్, అటు పోసేయండి," అంది లక్ష్మీప్రియ.

ఆయన పోయలేదు. తట్ట ఎత్తి, గిర్రున తిరిగి, అంగాళమ్మ నెత్తిన పెట్టాడు! ఆమె కూడా చుట్టకుదురు లేకుండానే తల వంచింది. అది ఊరి ఆనవాయితీ: ఏటా చెరువు ఎండగానే తొలి తట్ట రైతుపెద్ద తవ్వి కుమ్మరుల తలకెత్తాలి. ఆ తర్వాతే రైతుల బండ్లు పొలాలకు ఒండ్రు తోలుకోవాలి. పథకం ఆయన తలకెక్కింది గానీ చేతికెక్కలేదు.

జనం గొల్లున నవ్వారు. శ్రీరామప్ప నవ్వలేదు. మట్టి చేతులు చూసుకున్నాడు.

"నేనే ఎత్తినాను. దించమనేదానికి నోరు రాదు," అన్నాడు. "పాపా, బండి పట్టేంత సందు విడువు. లేదంటే కంచే వద్దు."

"సందు పెడితే పైవాళ్లు పథకమే ఆపేస్తారు సార్."

"ఆపనీ. బెంచీ లేకుంటే గట్టు మింద కూర్చుంటాము."

ఎంత మాట! పథకం తెచ్చిన నోటితోనే దాన్ని సాగనంపేశాడు. ఆ పిల్ల మాత్రం తక్కువదా? వాదించలేదు. చెప్పులు విడిచింది, కంచె గీసిన పటం చుట్టి చంకన పెట్టింది.

"పైవాళ్లతో నేను మాట్లాడతాను. బండి యాడ దిగుతుందో చూపించండి."

అంగాళమ్మ తట్ట దించకుండానే ముందు నడిచింది.

"రా పాపా. ఈడ జారతాది, నా చెయ్యి పట్టుకో."