విప్పని స్క్రూలు

తగరపువలస దాటాక జయశీల నడుపుతున్న క్లినిక్ వ్యాను డీజిల్ అయిపోయి నడిరోడ్డు మీద ఆగిపోయింది. మీటరులో ముల్లు సగం ట్యాంకు చూపిస్తూనే ఉంది. వెనక సీట్లో డయాలసిస్‌కి వెళ్తున్న చిట్టమ్మకి ఆయాసం ఎక్కువైంది. జయశీల దారిన పోయే ఆటోని ఆపి ఆమెను పంపేసింది. చిట్టమ్మకి ముప్పు తప్పింది గానీ, సీతమ్మధారలోని క్లినిక్ మేనేజరు ఊరుకోలేదు.

"డీజిల్ చూసుకోకుండా బయల్దేరావు. ట్యాంకులో డీజిల్ కొలిచే సెన్సరు కొత్తది వేశానని మెకానిక్ గుణశేఖర్ చెప్పాడు. తప్పంతా నీదేనన్నాడు. రేపట్నుంచి రాకు."

గుణశేఖర్ అలా అన్నాడంటే ఆమెకి నమ్మబుద్ధి కాలేదు. ఇద్దరిదీ గాజువాకలో ఒకే వీధి. నోరారా అక్కా అని పిలుస్తాడు. షెడ్డు పెట్టిన కొత్తలో వాడి చేతికి ఎవరూ బండి ఇవ్వకపోతే, మేనేజరుకి నచ్చజెప్పి క్లినిక్ వ్యాను అప్పజెప్పింది తనే. పది రోజుల కిందట ముల్లు తేడాగా ఉందంటే, "సెన్సరు మార్సీసినానక్కా, ఇంక బెంగెట్టుకోకు" అన్నాడు.

బతిమాలి ఒక్కరోజు గడువు అడిగి, వ్యానుని తాతబాబు దగ్గరికి తీసుకెళ్ళింది. పోర్టు లారీలు బాగుచేస్తూ ముసలివాడైన మెకానిక్ ఆయన.

తాతబాబు ట్యాంకు దగ్గర తీగ ఊడదీశాడు. ముల్లు సున్నాకి పడిపోయింది.

"ముల్లు కదిలినాదంటే మీటరు బాగానే ఉన్నాది. తీగలూ బాగానే ఉన్నాయి. రోగం లోపలే."

వెనక సీటు కింద మూత తెరిచాడు. సెన్సరు పట్టీ స్క్రూల మీద మట్టి, తుప్పు కలిసి గడ్డకట్టి ఉన్నాయి. సుత్తితో కొడితే గానీ కదల్లేదు. సెన్సరు బయటికి తీసి, దాని తేలే బుడ్డిని పైకీ కిందకీ ఆడించాడు. సెన్సరుకి తగిలించిన మల్టీమీటరులో అంకె మారలేదు.

"అరిగిపోనాదమ్మా. బండి కొన్నకాణ్ణించి దీన్నెవరూ ముట్టుకోలేదు."

జయశీల ఆ పాత సెన్సరు పట్టుకుని గుణశేఖర్ షెడ్డుకి వెళ్ళింది. దాన్ని చూడగానే వాడి మొహం వాడిపోయింది.

"ఇదేటి తమ్ముడూ?"

"సామాను దొరకలేదక్కా. దొరికినాక ఏసీద్దామనుకున్నాను."

"పోనీ. నాదే తప్పని ఎందుకు సెప్పినావు?"

"షెడ్డు పేరు పోద్దని బయమేసింది. నీకైతే డ్రైవరు పని ఎక్కడైనా దొరుకుద్ది గదా."

ఆ మాట జయశీల గుండెల్లో గుచ్చుకుంది. మేనేజరు నంబరు నొక్కి ఫోను వాడికి అందించింది. "ఇదే మాట ఆయనకి సెప్పు." వాడు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు తప్ప, ఫోను అందుకోలేదు.

చివరికి తాతబాబే క్లినిక్‌కి వెళ్ళి మేనేజరుకి సంగతి చెప్పాడు. ఉద్యోగం నిలబడింది.

ఆదివారం ప్రార్థన నుంచి వస్తుంటే వీధి మలుపులో గుణశేఖర్ "అక్కా" అన్నాడు. జయశీల తల తిప్పకుండా నడిచింది. ఇంట్లోకెళ్ళి తలుపు వేసుకున్నాక, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.