పంగలోని నాలుగు మేకులు

చెట్టుకు మేకు కొట్టేవాణ్ణి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పదకొండేళ్లుగా నగరంలో చెట్లకున్న మేకులు పీకడమే నా ఉద్యోగం. ట్యూషన్ బోర్డులు, అద్దె గదుల అట్టముక్కలు, మొలలకు మందిస్తామనే రేకులు, అన్నిటికీ చెట్టే లోకువ. పీకిన ప్రతి మేకునూ కొట్టినవాడి నెత్తిన దిగ్గొట్టాలనిపిస్తుంది. ఆఫీసులో నన్ను మేకులక్క అంటారు. "చేతిలో ఎప్పుడూ ఆ మేకులు పీకే ఇనుపకడ్డీ పట్టుకుని తిరిగితే నీకు సంబంధాలేం వస్తాయే?" అని మా బావ ఏడిపించేవాడు.

బావంటే మా అక్క మొగుడు. కార్పొరేషన్లో మా చెట్ల శాఖలోనే రంపం మిషన్ పట్టుకుని చెట్లెక్కేవాడు. నేను మేకులు పీకిన చెట్టుమీదికి ఎప్పుడో ఓ రోజు బావ ఎక్కి ఎండుకొమ్మలు కోసేవాడు. తల విరిగి లోపలే ఉండిపోయిన మేకు పక్కన నేను పసుపు రంగుతో చుక్క పెట్టాలి. తిరిగే రంపానికి ఇనుము తగిలితే అది ఎగిరి మనిషి మీదికే వస్తుంది. చుక్క లేనిచోట బావ రెండోసారి చూసేవాడు కాదు. చూసి వెళ్లింది మరదలు కదా మరి.

ఇంకో నియమం కూడా ఉంది. ఒక చెట్టులో పదికి మించి ఇనుపముక్కలు ఉండిపోతే దాని మీదికి మనిషిని ఎక్కించరు. క్రేన్ తెచ్చి మొదలంటా తీసేస్తారు.

పరుపుల షాపు ముందు చెట్టులో పదమూడు మిగిలిపోయాయి. ఇద్దరు చేతులు కలిపినా అందనంత చెట్టు. ఆ షాపు యజమానిని వీధంతా పరుపులాయన అంటుంది. మొదట్లో మానుకు బోర్డులు కొట్టాడు. అది చాలక నిచ్చెనేసుకుని పెద్దకొమ్మ పంగలో జానెడేసి మేకులు దిగేసి బ్యానరు కట్టాడు. తర్వాత చెట్టు తన షాపును కప్పేస్తోందని, కొట్టేయమని మా ఆఫీసుకు అర్జీల మీద అర్జీలు పెట్టాడు. సిగ్గూ శరం లేని మనిషి.

మానులోని తొమ్మిదింటికి చుక్కలు పెట్టాను. పంగలోని నాలుగింటినీ బంకమట్టితో మూసి, పైన బెరడు పొడి అద్దేశాను. వాడు చేసిన వెధవపనికి చెట్టెందుకు చావాలి? అంత పైకి రంపం ఎప్పుడొస్తుందిలే అనుకున్నాను. ఆ రోజు సంబరంగా ఇంటికి పోయి రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను.

నెల తిరక్కముందే గాలివానకు ఆ పెద్దకొమ్మే చీలింది.

మర్నాడు పొద్దున్నే సూపర్వైజరు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లాడు. చెట్టునే తీసేద్దామన్నాడు. ఒక్క కొమ్మ తీస్తే చెట్టు బతుకుతుందని బావ అరగంట వాదించి ఒప్పించాడు. నడుముకు తాడు బిగించుకుని పైకెక్కాడు. తాడు రెండో కొస నా చేతిలో ఉంది. సూపర్వైజరు కాగితాలు పట్టుకుని నా పక్కనే నిలబడ్డాడు. పరుపులాయన షాపు మెట్ల మీద నిలబడి ఫోనులో వీడియో తీస్తున్నాడు.

"కాస్త ఇవతలికి కొయ్యి బావా!" అని అరిచాను.

"ఇవతల చీలికుందే. పంగలోనే కొయ్యాలి. చుక్కల్లేవు, ఇక్కడంతా చూశావుగా?"

సూపర్వైజరు నా వైపు తిరిగాడు. మేకులున్నాయి, దిగిపో అంటే సరిపోయేది. చెట్టు పోయేది, నా ఉద్యోగం పోయేది. అంతకంటే ఏం పోయేది?

"చూశాను బావా" అన్నాను.

మిషన్ మొదలైంది. నేను లోపల లెక్కలేసుకుంటున్నాను, రంపం మేకుల మధ్య నుంచి పోతుందని, పోవాలని. కర్ర పొట్టు నా మొహం మీద పడింది. అంతలో ఇనుము కీచుమంది. నిప్పురవ్వలు లేచాయి. రంపం వెనక్కి ఎగిరి బావ ఎడమచేతి మీద పడింది. బావ అరవలేదు, కుక్కను తన్నినట్టు చిన్న మూలుగు వినిపించింది. చెయ్యి మోచేతి కింద చర్మానికి వేలాడుతోంది. నెత్తురు ఆకుల మీద, సూపర్వైజరు కాగితాల మీద, నా నోట్లో పడింది.

తాడు కొంచెం కొంచెం వదులుతూ బావను కిందికి దించాను. నా అరచేతులు తోలు లేచిపోయాయి. సూపర్వైజరు తన బెల్టు తీసి బావ చేతికి బిగించాడు.

"నే మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా, ఈ దరిద్రపు చెట్టు తీసేయండని!" అన్నాడు పరుపులాయన. ఫోను ఇంకా మా వైపే పట్టుకుని ఉన్నాడు.

కడ్డీ ఎప్పుడు తీశానో తెలియదు. మొదటి దెబ్బకు ఫోనూ, దాన్ని పట్టుకున్న వేళ్లూ విరిగాయి. రెండో దెబ్బ దవడ మీద పడింది. పళ్లు మెట్ల మీద రాలాయి. పరుపుల మధ్యకు పాక్కుంటూ పోతుంటే కాలు పట్టుకుని ఈడ్చాను. నా కడుపులో తన్నాడు. నేను వీపు మీద, భుజం మీద, మళ్లీ దవడ మీద కొట్టాను. తెల్లటి పరుపు మీద ఎర్రగా జారుతుంటే నాకు హాయిగా ఉంది. ఇప్పుడు తలుచుకుంటే డోకొస్తుంది గానీ, అప్పుడు హాయిగానే ఉంది. నలుగురు పట్టుకుని లాగితే గానీ నేను ఆగలేదు.

బావ చెయ్యి మోచేతి వరకు తీసేశారు. చెట్టును మర్నాడే క్రేన్ పెట్టి తీసేశారు. పరుపులాయనకు దవడను తీగలతో కట్టారు, మాట్లాడలేడు. నేను చూసి వెళ్లాక వాడే కొత్త మేకులు కొట్టి ఉంటాడని ఆఫీసంతా తేల్చేసింది. సూపర్వైజరు అదే రాసిచ్చాడు. పోలీసు కూడా నా మీద కేసు సంగతి తర్వాత చూద్దామని మర్యాదగా మాట్లాడాడు. కోలుకోగానే వాణ్ణి లోపలేస్తామన్నాడు. ఇద్దరు తోటి పనివాళ్లు నా భుజం తట్టి, "బాగా బుద్ధి చెప్పావు మేకులక్కా" అన్నారు.

ఆస్పత్రి గదిలోకి వెళ్లేసరికి అక్క బావకు నీళ్లు తాగిస్తోంది. నన్ను చూసి కళ్లు తుడుచుకుంది. "వాణ్ణి చంపి ఉండాల్సిందే" అంది.

బావ నన్ను దగ్గరికి రమ్మన్నాడు. పెదాలు తెల్లగా ఎండిపోయి ఉన్నాయి. "నువ్వేం బాధపడకే. నువ్వు చూసి వెళ్లాక కొట్టాడు వెధవ. దానికి నువ్వేం చేస్తావు?"

తల ఊపితే సరిపోయేది. ఊపబోయాను కూడా. కానీ చేతికి కట్టిన ఆ గుడ్డల మూటను పైకెత్తి, నా తల నిమరబోయాడు. చెయ్యి లేదని మర్చిపోయాడు.

"అవి పాతవే బావా. నాకు తెలుసు. చెట్టును తీసేస్తారని నేనే దాచాను."

 అక్క చేతిలోని గ్లాసు నేలకేసి కొట్టింది. నా జుట్టు పట్టుకుని తలను మంచం ఇనుపకోడుకు కొట్టింది. మళ్లీ కొట్టింది. "చెట్టు కోసమా? చెట్టు కోసమా?" అని అరుస్తోంది. కనుబొమ్మ చిట్లి నెత్తురు కంట్లోకి దిగింది. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. అక్క నన్ను ఎప్పుడు కేకలేసినా, "పోనీవే, చిన్నది" అంటూ మధ్యలోకి వచ్చేది బావే.

రెండో కంటితో బావ వైపు చూశాను. నన్నే చూస్తున్నాడు. ఆపమనలేదు.